నులిపురుగుల పొడి ప్యాకెట్ మీది మనిషిని వెతుక్కుంటూ మాండవికి

పదకొండు రోజుల్లో మా అత్తమ్మ మేకలు మూడు చచ్చిపోయాయి. నాలుగోది చూలుతో ఉంది. దాని దవడ కింద కూడా నీరు దిగి తిత్తిలా వేలాడడం మొదలైంది. ఆ కోపంతోనే మేమిద్దరం ఆ రోజు పొద్దున్నే మాండవికి బయలుదేరాం. సూరత్ చుట్టుపక్కల మేకలు పెంచుకునే తెలుగువాళ్లు, మూలికల మందు కోసం అటువైపు వెళ్దామనుకునేవాళ్లు ఇది చదవాలని రాస్తున్నాను.

కరోనా రెండో వేవ్ తగ్గిన వానాకాలం అది. నేను తెలుగు మీడియం బడిలో టీచర్ని. బడి మూతబడి ఫోన్లోనే పాఠాలు చెబుతున్నాను. మేముండేది సూరత్ పక్కనున్న కడోదరాలో. మా అత్తమ్మ రాజవ్వ జగిత్యాల వైపు మనిషి. ఫ్లాట్లో ఊరికే కూర్చోలేక మా సొసైటీ వెనక ఖాళీ జాగాలో ఆరు మేకల్ని సాకుతోంది. వానలు పట్టాక మేకలు చిక్కిపోయాయి, నీళ్లలా పారుకుంటున్నాయి. "కడుపుల పురుగులు వడ్డయి బిడ్డా, దవాఖానకు తీస్కపోదాం" అని అత్తమ్మ మొదటిరోజే చెప్పింది. నేనే వద్దన్నాను. కరోనా రోజుల్లో జనంలోకి ఎందుకని భయం. పైగా హైవే పక్కన దాణా కొట్టు నడిపే శ్రీను మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో మూలికల పొడి ఫొటో పెట్టాడు. ప్యాకెట్ మీద మోదుగ చెట్టు కింద రోట్లో ఏదో నూరుతున్న ఒక ఆదివాసీ స్త్రీ. కింద "మాండవి అడవి మందు, ఇంగ్లీషు మందు అక్కర్లేదు" అని రాసి ఉంది. అత్తమ్మకు చదువు రాదు. ఆ మాటలు ఆమెకు చదివి వినిపించింది నేను. ప్యాకెట్లు తెప్పించింది నేను. ఆ పొడిని నమ్ముకుని మేం పోగొట్టుకున్న రోజుల్లోనే మూడు మేకలు పోయాయి.

"ఆమె మొఖం జూసి అడుగుత. నాకింకేం వద్దు" అంది అత్తమ్మ. ఖాళీ ప్యాకెట్‌ను మడిచి కొంగున ముడేసుకుంది.

ఆరున్నరకు కడోదరా చౌరస్తాలో బార్డోలీ బస్సు ఎక్కాం. బార్డోలీలో బస్సు మారితే మాండవి. దారిలో ఆగినవన్నీ కలుపుకుని రెండు గంటలు పట్టింది, ఇద్దరికీ కలిపి టికెట్లు నూట యాభై లోపే అయ్యాయి. బస్సులో సీటుకు ఒక్కరినే కూర్చోబెట్టారు కాబట్టి అత్తమ్మ నా ముందు సీట్లో కూర్చుంది. బార్డోలీ దాటాక రెండువైపులా చెరుకు తోటలు, వానకు కడిగినట్టున్న పచ్చదనం. మామూలు రోజుల్లో అయితే ఫొటోలు తీసేదాన్ని. అత్తమ్మ ఒక్కసారి కూడా కిటికీలోంచి బయటికి చూడలేదు.

మాండవి బస్టాండు బయట ప్యాకెట్ చూపించి అడిగాం. షేరింగ్ జీపు నడిపే అతను దాన్ని కళ్ల దగ్గరికి పెట్టుకుని చూసి, "ఈమె శాంతిబెన్ కదా. మా రూట్లోనే ఊరు. కానీ ఆమె పొడి అమ్మగా నేనెప్పుడూ చూడలేదే" అన్నాడు హిందీలో. మనిషికి ముప్పై రూపాయలు, ముప్పావు గంట, చివర్లో ఒక కిలోమీటరు బురదలో నడక. ఊరి పేరు రాయడం లేదు. రాయొద్దని ఆమే అడిగింది.

శాంతిబెన్‌కు అరవై ఉంటాయి. గడపలో కూర్చుని చింతగింజలు ఏరుతోంది. అత్తమ్మ వాకిట్లోనే నిలబడి, తనకు వచ్చిన హిందీ అంతా మరిచిపోయి, తెలుగులోనే మొదలుపెట్టింది. "నీ మందువెట్టే నా మేకలు సచ్చినయి. మూడు మేకలు. ఎట్ల అమ్మబుద్ధయింది నీకు?" శాంతిబెన్ నావైపు చూసింది. నేను హిందీలో చెప్పాను, మెత్తగా చెప్పలేదు. నాకూ అంతే కోపంగా ఉంది.

ఆమె లేచి చేతులు తుడుచుకుని ప్యాకెట్ అందుకుంది. "ఈ చీర నాది. ఈ రోలు నాది. అదిగో ఆ ఖాఖరో చెట్టు నాది. ఈ పొడి నాది కాదు" అంది. ఖాఖరో అంటే మన మోదుగే. ప్యాకెట్ మూలలో అంటుకుని ఉన్న పొడిని నాలుక చివర పెట్టుకుని ఉమ్మేసింది. "పసుపు, కాస్త వేపాకు. మిగతాదంతా తవుడు."

కిందటి చలికాలంలో బండి మీద ఇద్దరు వచ్చి, మందు ఎలా చేస్తావో చూపించమని ఫోన్లో వీడియో తీసుకున్నారట. నలుగురికీ తెలిస్తే మంచిదేనని చూపించిందట. "వాళ్లకు టీ కూడా పెట్టాను" అంది.

అత్తమ్మకు ఒక్కొక్క మాటా తెలుగులో చెప్పాను. ఆమె నెమ్మదిగా గడప పక్కన చతికిలబడింది. శాంతిబెన్ నల్ల టీ తెచ్చింది. తన మేకల్లో ఒకదాన్ని పట్టుకుని కింది కనురెప్పను బొటనవేలితో కిందికి లాగి చూపించింది. లోపల ఎర్రగా ఉంటే భయం లేదు, కడుపులో పురుగు రక్తం తాగేకొద్దీ ఆ ఎరుపు పోతుంది. రంగు తగ్గుతుంటే తను మోదుగ గింజల పొడి బెల్లంలో కలిపి పెడుతుంది, అదీ వానలకు ముందే. తడి గడ్డితోనే పురుగు కడుపులోకి పోతుందని మంచు ఆరేదాకా మేకల్ని గడ్డిలోకి తోలదు, మేతకు కొమ్మలు నరికి ఎత్తులో కడుతుంది. రెప్ప తెల్లగా పాలిపోతే తన దగ్గర మందు లేదంది. "అప్పుడు డాక్టరే. నేనూ మాండవికే మోసుకెళ్తాను. చూలు మేకకైతే ఈ గింజలు అసలు పెట్టకూడదు, కడుపు పోతుంది."

అత్తమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. "మనదాని రెప్ప తెల్లగనే ఉంది సుజాతా" అంది నాతో. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

మేం లేవబోతుంటే శాంతిబెన్ లోపలికి వెళ్లి చీర మార్చుకుని, మాస్కు పెట్టుకుని వచ్చింది. "ఆ కొట్టు చూపించండి. సాయంత్రం బస్సుకు నేనే తిరిగొస్తాను" అంది. మేం బతిమాలలేదు, వద్దనీ అనలేదు. తిరుగు బస్సులో ఆమె, అత్తమ్మ ముందూ వెనకా సీట్లలో కూర్చుని వచ్చీరాని హిందీలో మేకల గురించే మాట్లాడుకున్నారు.

రెండు గంటలకు శ్రీను కొట్టుకు చేరాం. ముందు వరుసలోనే ఆ ప్యాకెట్లు వేలాడుతున్నాయి.

"రా అవ్వా. మేకలెట్లున్నయి?" అన్నాడు శ్రీను.

"మూడు వొయినయి" అంది అత్తమ్మ.

"అయ్యో. లేటుగ వెట్టినట్టున్నరు అవ్వా. మందుదేం తప్పు లేదు. అడవిల ఆమె సొంత చేత్తోని చేస్తది, నేనే పోయి తెస్త."

శాంతిబెన్‌కు ఆ తెలుగు అర్థం కాలేదు, నేను హిందీలో చెప్పాను. అతను ప్యాకెట్ మీది బొమ్మను వేలితో చూపించడం ఆమె చూసింది. మాస్కు గడ్డం కిందికి లాగి, ప్యాకెట్ ఒకటి తెంపి తన ముఖం పక్కన పట్టుకుంది. శ్రీను ఇటు చూశాడు, అటు చూశాడు.

"ఎప్పుడొచ్చావు నా దగ్గరికి?" అని గుజరాతీలో అడిగింది ఆమె.

అతను నావైపు తిరిగాడు. నాతో తెలుగులో, "మేడమ్, ఫొటో నెట్ల దొరికింది. పొడి సూరత్‌ల ఒకాయన ఇస్తడు, నేను ప్యాకింగ్ జేస్త, అంతే. మనోళ్లు మనోళ్లం, గిట్ల బజార్ల నిలవెట్టుడు మంచిగనా?" అన్నాడు.

"మనోళ్లకే అమ్మినవ్ కదరా" అంది అత్తమ్మ. గొంతు పెంచలేదు. "గుజరాతోళ్లకమ్మితె ఈమెను గుర్తువడ్తరు, దొర్కుతవని మనోళ్లకే అమ్మినవ్."

ఆ మాటకు కొట్టు ముందు నిలబడ్డ ఇద్దరు మగ్గం పనివాళ్లు తమ చేతుల్లోని ప్యాకెట్లు తిరిగి బల్ల మీద పెట్టేశారు. శాంతిబెన్ వేలాడుతున్న ప్యాకెట్లన్నీ తనే ఒక్కొక్కటీ తెంపింది. బొమ్మ ఉన్న కాగితాలు చించి మడిచి సంచిలో వేసుకుంది, పొడిని అక్కడే మోరీలో గుమ్మరించింది. శ్రీను ఆపలేదు. నాలుగున్నర బస్సుకు ఆమెను ఎక్కించి వచ్చాం.

మర్నాడు పొద్దున్నే మిగిలిన మూడు మేకల్నీ టెంపోలో ప్రభుత్వ పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడ నేను భయపడ్డ జనం లేరు, ఆరుగురున్నారు. చూలుది బతికింది, కానీ చూలు నిలవలేదు. మిగతా రెండూ కోలుకున్నాయి. నెల తిరక్కుండానే శ్రీను అదే పొడి మళ్లీ అమ్ముతున్నాడని తెలిసింది. ఈసారి ప్యాకెట్ మీద మనిషి లేదు, ఉత్త చెట్టు బొమ్మ. గ్రూపులో నేను జరిగిందంతా రాస్తే నలుగురు చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు, ఒకరు రేటెంతని అడిగారు.

నా కోపం చల్లారలేదు, చల్లారాలనీ లేదు. శ్రీను మీద ఉన్నంతా నా మీదా ఉంది. యాభై ఏళ్లుగా మేకల్ని చూస్తున్న మనిషి దవాఖాన అంటే, అక్షరం వచ్చిన నేను అచ్చులో ఉన్న అబద్ధాన్ని చదివి ఆమె నోరు మూయించాను. మోదుగ గింజలకు గుణం ఉంది, అది తెలిసిన శాంతిబెన్‌కు దాని హద్దూ తెలుసు. మేం కొన్న ప్యాకెట్‌కు ఆ హద్దు లేదు.

వెళ్లాలనుకునేవారికి ఒక్క మాట. ఏ మూలికకైనా బయలుదేరే ముందు, మేక పొద్దున వేసిన పెంటికలు నాలుగు చిన్న డబ్బాలో వేసుకుని దగ్గర్లోని పశువుల ఆసుపత్రికి వెళ్లండి. పురుగు గుడ్లున్నాయో లేవో, ఎంత ఉన్నాయో చూసి చెబుతారు. మాకు ఆ పరీక్షకు పట్టింది అరగంట.