కనపడని కుక్క

మా పక్కింటి సైకిల్ మెకానిక్ మస్తాన్‌ను ఈ పొద్దున చెవి తెగిన వీధికుక్క ఒకటి కరిచింది. నేను వెంటబెట్టుకుని వెళ్తే నకరికల్లు ఆసుపత్రిలో కుక్కకాటు సూదిమందు లేదు. నరసరావుపేట పెద్దాసుపత్రికి ఫోన్ చేస్తే మధ్యాహ్నం బస్సులో పంపుతారట. ఆ ఫోను సంగతి విడిగా చెప్పాలి. అందులో ఒకరి రోగం చెబితే ఊరంతటికీ తెలుస్తుంది. సరే, కాంపౌండరు కేకలేసి చెప్పాడు. అవతల గుమాస్తా గొంతు మాకూ వినపడింది.

"కుక్క బతికుందా, చచ్చిందా?"

బతికుంటే పది రోజులు దాన్ని కనిపెట్టుకుని ఉండాలి, చస్తే వెంటనే మందు పంపాలి. ఆయనకున్న పద్ధతి అంతే.

"కనపడటం లేదండీ!"

"అట్టా కుదరదు. రెంటిలో ఏదో ఒకటి చెప్పు."

మస్తాన్ నా చెయ్యి పట్టుకున్నాడు. "బాబాయ్, చచ్చిందని చెప్పమను. లేకుంటే నేనే చచ్చేట్టున్నా!"

కాంపౌండరు నోటిమాటతోనే దాన్ని చంపేశాడు. మందొచ్చింది, బొడ్డు పక్కన మొదటి సూది పొడిచారు. తిరిగొచ్చేసరికి ఆ చెవి తెగిన కుక్క మస్తాన్ కొట్టు ముందు పాత టైరు మీద పడుకుని ఉంది.

"ఏంది బాబాయ్ ఇది! ఫోన్ చేసి బతికుందని చెబుదామా?"

"చెబితే మిగతా సూదులు ఆపుతారు. ఆపమంటావా?"

మస్తాన్ కుక్కను చూశాడు, బొడ్డు తడుముకున్నాడు. నా పక్కనే అరుగు మీద కూలబడ్డాడు. కుక్క ఆవులించినప్పుడల్లా ఇద్దరం లేచి నిలబడుతున్నాం. మీరైతే ఏం చెబుతారు?