ముందుమాట కోసం ఆగిన మొదటి ఫారం

2022. కరోనా భయం తగ్గి, నగర్తపేట సందులు మళ్ళీ ఇరుకైన రోజులు. పాత్రల హోల్‌సేల్ కొట్టు పైన, మేడ మీద నా డీటీపీ గది. డీటీపీ అంటే రాతప్రతిని కంప్యూటర్‌లో కొట్టి, పేజీలు కట్టి, ప్రెస్సుకు పంపడం. పెళ్ళి పత్రికలతో పొట్ట గడుస్తుంది, తెలుగు పుస్తకాలతో మనసు నిండుతుంది. బెంగళూరులో తెలుగు పుస్తకం వేయాలంటే నా మెట్లు ఎక్కాల్సిందేనని కాస్త గర్వం కూడా ఉండేది.

ఆ వేసవిలో కె.ఆర్.పురం నుంచి సులోచనమ్మ అనే రిటైరైన నర్సు రెండు నోటుపుస్తకాలు పట్టుకుని వచ్చింది. మదనపల్లె వైపు మనిషి, నలభై ఏళ్ళుగా ఇక్కడే కాపురం. వార్డులో చూసిన మనుషుల మీద పద్నాలుగు కథలు రాసింది. టైపు చేసేటప్పుడు నేను కథలోకి పోను. వేళ్ళ పని వేళ్ళది. ఆ కథలకు మాత్రం రెండుసార్లు చేతులు ఆపి కళ్ళు తుడుచుకున్నాను.

ఆమెకు పేరు రావాలన్న ఆరాటం లేదు. ఆరాటమంతా సుగుణ కోసం. ఇద్దరూ ఒకే వార్డులో పనిచేశారు. టీ తాగే పది నిమిషాల్లో సులోచనమ్మ చెప్పే కథలు విని, పుస్తకం వెయ్యమని ఏళ్ళ తరబడి పోరింది సుగుణే. ఇప్పుడామెకు కిడ్నీలు పోయాయి, వారానికి మూడుసార్లు డయాలసిస్. పుస్తకం ఆమెకే అంకితం.

"స్వల్ప తొందరగా చెయ్యప్పా. దాని పేరు అచ్చులో అది కండ్లారా చూసుకోవల్ల. అంతే నాకు," అంది.

ఒప్పుకున్నాను. ఒప్పుకుని, అడగని సలహా ఒకటి ఇచ్చాను. పెద్దవాళ్ళెవరిదైనా ముందుమాట ఉండాలన్నాను. మన తెలుగు పుస్తకాలకు ఇదొక ఆచారం. కొత్త రచయితైతే పెద్దల దీవెన ముందు పేజీల్లో ఉండి తీరాలి, లేకపోతే సభల్లో ఎవరూ పట్టించుకోరు. వైట్‌ఫీల్డ్‌లో నెలకోసారి కలిసే సాఫ్ట్‌వేర్ మిత్రుల సాహిత్య బృందం ఒకటుంది. వాళ్ళ ద్వారా హైదరాబాదులోని ఒక పెద్ద విమర్శకుణ్ణి అడిగించాను. ఆయన సరేనన్నారు. నేను పొంగిపోయాను. ఆమెకు మేలు చేస్తున్నాననే అనుకున్నాను.

పుస్తకాన్ని ఫారాలుగా అచ్చు వేస్తారు. ఫారం అంటే పదహారు పేజీలు. కథల ఫారాలన్నీ నెలలో అచ్చయిపోయాయి. మొదటి ఫారం ఒక్కటే ఆగింది, ఎందుకంటే పుస్తకం పేరు, అంకితం, ముందుమాట మూడూ అందులోనే. మిగతా ఫారాలను గోధుమరంగు కాగితంలో చుట్టి నా కిటికీ కింద పెట్టించాను.

పెద్దాయనకు ఫోన్ చేసినప్పుడల్లా వచ్చే వారం అనేవారు. ఆ వచ్చే వారాలు ఐదు నెలలయ్యాయి. సులోచనమ్మ రెండు బస్సులు మారి వచ్చి, ఆ కట్టల పక్కన కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి వెళ్ళేది. ఒకరోజు మాత్రం ఉండబట్టలేక అడిగింది.

"ముందుమాట లేకుండా ఒక్కటి కుట్టిచ్చెయ్యప్పా. దానికి చూపించి మళ్ళీ తెచ్చిస్తాను."

"కుదరదమ్మా, అది చాలా పెద్ద పని," అన్నాను.

అరకొర పుస్తకం నా గడప దాటడం నాకు నామోషీ. ఆమె సంచి తీసుకుని మెట్లు దిగింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఆ పూజారిని నేనేనని అప్పుడు తోచలేదు.

నవంబరులో సుగుణ పోయింది. ఆ కబురు సులోచనమ్మ ఫోన్లో మామూలు గొంతుతోనే చెప్పింది. నర్సు కదా, అలాంటి కబుర్లు ఎన్ని ఇళ్ళకు చెప్పిందో. ఆ తర్వాత పది రోజులకు ముందుమాట వచ్చింది. మూడు పేజీల్లో రెండున్నర పేజీలు పెద్దాయన గురించే. చివర్లో, ఈ యువ రచయిత్రికి మంచి భవిష్యత్తు ఉందని దీవెన. సులోచనమ్మకు అప్పటికి అరవై నాలుగేళ్ళు.

ఆమె వచ్చినప్పుడు, సిగ్గుతో, ఆ ముందుమాట తీసేస్తానన్నాను. ఆమె కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకుంది.

"చూడాల్సిన మనిషి చూడకుండా పోయింది. ఆయప్ప చదవకుండా రాసినాడు. ఇంక ఉంటే ఏమి, లేకుంటే ఏమప్పా. ఉండనీ."

"సుగుణకు" అన్న అంకితాన్ని "సుగుణ జ్ఞాపకానికి" అని మార్చింది ఈ చేతులే. తర్వాత వైట్‌ఫీల్డ్‌లో పుస్తకావిష్కరణ జరిగింది. వక్తలు కథలకంటే ముందుమాటనే ఎక్కువ చదివారు. ముందు వరసలో సులోచనమ్మ పక్క కుర్చీలో తన సంచి పెట్టుకుని, సభ అయ్యేదాకా ఎవరినీ అందులో కూర్చోనివ్వలేదు.

రచయితలకు సాయం చేయడమంటే పెద్దల మెప్పు సంపాదించి పెట్టడమనుకునేవాణ్ణి. పుస్తకం ఎవరి కోసమో వాళ్ళ చేతికి వేళకు చేర్చడమే అసలు సాయమని చేతులు కాలాక తెలిసింది. ఇప్పుడు ఎవరు రాతప్రతి తెచ్చినా, మొదట ఎవరికి చూపించాలని అడుగుతాను. ఆగలేని మనిషి ఉన్నారంటే, మొదటి ఫారాన్ని నా గదిలోని ప్రింటర్ మీదే తీసి, ముందుమాట చోట తెల్ల కాగితాలు పెట్టి, ఒక్క పుస్తకం కుట్టి ఇచ్చేస్తాను.

మొన్న సులోచనమ్మ వచ్చినప్పుడు అలాంటిదొకటి బల్ల మీద ఉంది. చేతిలోకి తీసుకుని, ఆ తెల్ల పేజీలు ఒక్కొక్కటే తిప్పింది.

"ఇది కుట్టేదానికి ఎంతసేపు పట్టిందప్పా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. మింగేసి, అరగంట అన్నాను.