విమానం బంక, పెళ్లిచూపుల పళ్లెం

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు లోకమంతా బంకగానే కనిపించేది. విమానాల్లో పని అనగానే మా చుట్టాలంతా నేను మబ్బుల్లో తేలిపోతున్నాననుకునేవారు. నేనేమో డమ్‌డమ్ విమానాశ్రయం హ్యాంగర్లో, సీట్లు పీకేసిన విమానంలో మోకాళ్ల మీద కూర్చుని, పాత తివాచీ కింది టేపు వదిలిపోయిన జిగురు గీకుతూ ఉండేదాన్ని. అది సామాన్యమైన జిగురు కాదు. ప్రయాణికులు ఏళ్ల తరబడి తొక్కీ తొక్కీ, టీలు ఒలకబోసీ దాన్ని రాయి చేసి పెట్టేవారు. చాకుతో లాగేద్దామంటే, మేమంతా దాదా (అన్నయ్య) అని పిలిచే మా సీనియర్ ఊరుకోడు. కింద ఉన్నది అల్యూమినియం, ఇవాళ గీత పడితే రేపు అదే పగులవుతుంది. అందుకని మందులో తడిపిన గుడ్డ పరిచి, జిగురు మెత్తబడేదాకా ఓపిక పట్టి, ప్లాస్టిక్ బిళ్లతో ఏటవాలుగా గీకి, ఆరకముందే తుడవాలి. ఎవరి చేతిలోనైనా ఇనుప ముక్క కనిపిస్తే చాలు, ఆయన విమానం ఆ చివర నుంచి "ఛురి నోయ్!" అని అరిచేవాడు (చాకు వద్దు అని బెంగాలీలో). నిద్రలో నేను కూడా అదే అరుస్తున్నానని అమ్మ గొడవ పెట్టేది.

సరిగ్గా అప్పుడే ఒక సంబంధం వచ్చింది. మాది ఆ ఊళ్లోనే మెటియాబ్రుజ్ పేట, తాతల నాడే శ్రీకాకుళం నుంచి ఓడరేవు పనికి వచ్చిన కుటుంబం. అబ్బాయి భవానీపూర్‌లో ఒక దుకాణంలో లెక్కలు రాస్తాడట. పంపిన ఫోటోలో దీఘా సముద్రం, ఒక టోపీ, నల్ల కళ్లద్దాలు, వాటి కింద కాస్త గడ్డం ఉన్నాయి. మా అక్క పెళ్లిచూపుల్లో తల దించుకునే ఉండి, తీరా పెళ్లయ్యాక బావను చూసి "ఇతనా!" అనుకుందట. నాకా గతి పట్టకూడదని, తలెత్తి కళ్లారా చూశాకే ఏ మాటా చెబుతానని పట్టుబట్టాను.

"అలాగే సూడు. నేను వొద్దన్నానా? గానీ ఆ బంక మాట మాత్రం ఎత్తకు. ఎయిర్‌పోర్టులో ఆఫీసు పనని సెప్పినాను," అన్నాడు నాన్న.

వాళ్లు వచ్చారు. అమ్మ కొత్త స్టీలు పళ్లెం నిండా సందేశ్ మిఠాయిలు పెట్టింది. నేను గదిలోకి వచ్చి కూర్చుని, ఊపిరి పీల్చుకుని, తల ఎత్తబోయాను. సరిగ్గా అప్పుడే వాళ్లు తింటున్న సందేశ్‌లు తరిగిపోయి, పళ్లెం మధ్యలో సగం చిరిగిన కొట్టువాళ్ల స్టిక్కరు బయటపడింది. చుట్టూ నల్లటి బంక. నా చూపు దానికే అతుక్కుపోయింది. అబ్బాయి వాళ్లమ్మ కూడా చూసింది. "ఓలమ్మా, కొత్త పళ్లెమేటి? ఈ బంక ఒక పట్టాన వొదల్దు గదా," అంటూ ఆపిళ్లు కోసిన చాకు అందుకుని ఆనించింది.

"ఛురి నోయ్!" అని అరిచేశాను.

 అంతటితో ఆగలేదు. కాబోయే అత్తగారి చేతిలోంచి పళ్లెం లాక్కుని, కొబ్బరినూనె తెచ్చి రాసి, "ఇప్పుడు కాసేపు ముట్టుకోకూడదండీ," అని అందరినీ కాపలా కాశాను. గీకడానికి ప్లాస్టిక్ కావాలని అటూ ఇటూ వెతుకుతుంటే ఎవరో మెట్రో కార్డు అందించారు. అందుకుని ఏటవాలుగా గీకాను. బంక చుట్టలు చుట్టుకుని లేచింది. పళ్లెం తళతళలాడింది.

"ఒక్క గీత పడనేదు! ఎక్కడ నేర్సినావే ఇది?" అందావిడ.

"విమానంలోనండీ. రోజూ నేల మీద బంక గీకుతాను," అన్నాను గర్వంగా. నాన్న కళ్లు మూసుకున్నాడు.

వాళ్లు వెళ్లాక అమ్మ నా పక్కన కూలబడింది. "సరేలే, ఏటయిందో అయింది. అబ్బాయి ఎలాగున్నాడే?"

అప్పుడు తట్టింది. నేను అబ్బాయిని చూడనే లేదు! అబ్బాయి కూర్చున్న వైపు నుంచి కార్డు అందించిన మగచెయ్యి ఒక్కటే గుర్తుంది. "గోళ్లు శుభ్రంగా ఉన్నాయి," అన్నాను. అమ్మ తల కొట్టుకుంది.

సాయంత్రానికి వాళ్ల దగ్గర్నుంచి పిల్ల నచ్చిందని ఫోను వచ్చింది. నాన్న నా వైపు తిరిగి, "నువ్వేటంటావు మరి? కళ్లారా సూసినావు గదా," అన్నాడు. చూడలేదని చెప్పుకోవడానికి సిగ్గేసింది. ఇంకోసారి రమ్మనడానికి మొహం చెల్లలేదు. అయితే అంతకంటే పెద్ద సంగతి ఒకటి మనసులో మెదులుతూనే ఉంది. గదిలో అందరూ నోరు తెరుచుకుని నన్ను చూస్తున్న వేళ, ఆ మనిషి ఒక్కడే నాకేం కావాలో చూశాడు. ఎందుకో భలే ధైర్యం వచ్చింది. సరేనన్నాను.

పెళ్లి పీటల మీద అడ్డుతెర తీశాక మొట్టమొదటిసారి తలెత్తి చూశాను. బాగానే ఉన్నాడు, చెవులు కాస్త పెద్దవి. ఆయన నా ముఖం కాక నా చేతులకేసి చూస్తున్నాడు. ఏమిటన్నట్టు కళ్లెగరేశాను. తలంబ్రాలు పోస్తూ నాకు మాత్రమే వినపడేలా అన్నాడు: "ఆ రోజు నేనూ నీ చేతులే సూసినాను. ముఖం ఇప్పుడే సూస్తన్నా."