ఆలస్యంగా విన్న ప్రార్థన

పోయిన వారం ల్యాబు నుంచి వచ్చేసరికి నా భార్య గేటు దగ్గరే నిలబడి ఉంది. చేతిలో చీపురు ఉంది గానీ ఊడుస్తున్నదేమీ లేదు.

"ఫిట్టా, అన్‌ఫిట్టా?" అంది.

"ఫిట్టే," అన్నాను. అబద్ధం.

చొక్కా జేబులో మడిచిన కాగితం మీద అంకె మళ్లీ పెరిగింది. పీఎస్ఏ అంటారు దాన్ని. ప్రోస్టేట్ గ్రంథి నుంచి రక్తంలోకి వచ్చే ఒక పదార్థం ఎంత ఉందో చూసే పరీక్ష. అక్కడ క్యాన్సర్ వచ్చిందని హైదరాబాదులో కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించుకుని వచ్చాక ఆ అంకె అట్టడుగుకు పోయింది. అక్కడే ఉండాలి. ఉండలేదు. పోయినసారీ కొంచెం లేచింది, అంతకు ముందూ లేచింది, ఇప్పుడూ లేచింది. నొప్పి లేదు. అన్నం రుచి తెలుస్తోంది.

భూగర్భ గనిలో నేను టింబర్‌మన్‌ని. కప్పు కూలకుండా కింద కర్ర దుంగలు నిలబెట్టడం మా పని. పైనుంచి బరువు దిగుతుంటే దుంగ కిర్రుమనేది. అది విని పక్కకు దూకేవాళ్లం. ఈ రోగానికి ఆ పాటి మర్యాద కూడా లేదు. చప్పుడు చేయకుండా ముంచుకొస్తుంది. దూకుదామన్నా ఎటు దూకాలి?

ఆమె అడిగిన మాట బయటివాళ్లకు వింతగా ఉండొచ్చు. మా గోదావరిఖని ఆడవాళ్లకు దవాఖాన చెప్పే తీర్పులు రెండే. గని కార్మికుడికి కొన్నేళ్లకోసారి వైద్యపరీక్ష ఉండేది. ఫిట్ అంటే మళ్లీ గనిలోకి దిగాలి. సర్వీసు మిగిలి ఉండగా పెద్ద రోగమేదైనా పట్టి అన్‌ఫిట్ అయితే ఆ నౌకరి కొడుక్కి వచ్చేది. అందుకని మా క్వార్టర్ల వరుసలో వ్యవహారం తలకిందులుగా నడిచేది. ఫలానా వాడికి గుండె చెడిందంటే వాళ్లింటికి పోయి ముందు అయ్యో అనేవాళ్లం. బయటికొచ్చాక, పోనీలే, పోరడు ఒడ్డున పడ్డాడు అనుకునేవాళ్లం.

నేను ప్రతిసారీ ఫిట్. గట్టి ఒళ్లు నీదని డాక్టర్లు వీపు తట్టేవారు. ఆ మాట ఇంట్లో చెప్పిన రోజు కూర మాడేది. మా వాడికి నౌకరి రాలేదు. ఇప్పుడు నేల పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో కాంట్రాక్టరు కింద టిప్పరు నడుపుతున్నాడు. కాంట్రాక్టరు మారినప్పుడల్లా వాడి పని ఉంటుందో ఊడుతుందో తెలియదు. నేను రిటైరై ఇంట్లో కూర్చున్నాక, ఎవరికీ పనికిరాని కాలంలో, వచ్చింది రోగం.

నాకు బడి లేదు. యూనియన్ ఆఫీసులో పేపరు ముందేసుకుని అక్షరాలు నేర్చుకున్నవాణ్ని. కోపం కూడా అక్కడే నేర్చుకున్నాను. ఇంతవరకు మరిచిపోలేదు. తండ్రి ఒళ్లు చెడితే తప్ప కొడుకు కడుపు నిండదంటే అదేం బతుకని మీటింగుల్లో లేచి అడిగేవాణ్ని. చప్పట్లు కొట్టేవాళ్లు. కొట్టి ఇంటికి పోయి, ఈసారన్నా అన్‌ఫిట్ రావాలని మొక్కుకునేవాళ్లు.

అది నా ఇంట్లో ఏం చేసిందో మాత్రం కరెంటు పెట్టించుకునే రోజుల్లో గానీ తెలియలేదు. హైదరాబాదులో దవాఖాన వెనక అద్దెకు తీసుకున్న గది. మధ్యాహ్నం నేను నీరసంగా పడుకుని ఉంటే ఆమె కాళ్లు ఒత్తుతూ ఒత్తుతూ ఆగిపోయింది.

"నేనే అడిగిన," అంది.

"ఏంది?"

"చర్చిల. మోకాళ్లేసి. నువ్వు డ్యూటీల ఉన్నప్పుడు. ప్రభువా, ఈయనకు ఏదన్న ఒక రోగం ఇయ్యి, సచ్చేటిది వద్దు, అన్‌ఫిట్ అయ్యేటంతది చాలు, నా కొడుకు బతుకుతడు అని అడిగిన. గప్పుడు ఇయ్యలే. గిప్పుడు ఇచ్చిండు."

"పిచ్చిదానా, ముసలోళ్లకు వచ్చే రోగమిది. నువ్వడిగితే వచ్చిందా?" అని తిట్టాను. గట్టిగానే తిట్టాను. కట్టుకున్నవాడికి రోగం రావాలని, అది కూడా ఇంతే రావాలని, ఒక ఆడమనిషి దేవుడి ముందు బేరమాడే గతి పట్టించిన లోకం మీద నా కోపం. పడింది మాత్రం ఆమె మీద.

అంకె దిగినప్పుడు ఆమె ముఖం తేటపడింది. ఇచ్చినవాడు వెనక్కి తీసుకున్నాడని నమ్మింది. మళ్లీ పెరుగుతోందని ఏ నోటితో చెప్పను? అందుకే ఫిట్టే అన్నాను.

నా అబద్ధం శనివారం దాకానే నిలిచింది. నన్ను ల్యాబుకు స్కూటరు మీద తీసుకుపోయింది మా పక్కింటాయన. నాతో పాటే గని దిగినవాడు. నా భార్యను అక్కా అని పిలుస్తాడు, ఆ వరసన నేను బావను. ఆ పొద్దున చాయ తాగుతూ మా అరుగు మీద మొదలుపెట్టాడు.

"అక్కా, బావ రోగానికి తెలివి లేదే. నౌకరిల ఉన్నప్పుడు వస్తే నా మేనల్లుడు ఇయ్యాల పర్మనెంటు."

"నోరు ముయ్యి," అన్నాను.

"గట్ల గరమైతవేంది బావా? గా అంకె దించే సూదులు మొదలైతె ఒంట్లకెల్లి ఎట్లాగు ఆవిర్లు వస్తయట. గప్పటిదాక ఆగు."

నా భార్య చాయ గ్లాసు అందుకోబోతూ ఆగింది. "ఏం సూదులు?"

ఆయన నావైపు చూశాడు. నేను ఇంట్లో చెప్పలేదని అప్పుడర్థమైంది ఆయనకు. "ఏం లేదక్కా, ముందుగాల స్కాన్ తీస్తరట. గిట్లనే మామూలుగ..." అంటూ చెప్పుల కోసం వెతుక్కున్నాడు.

ఆమె ఏడవలేదు. గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది.

మర్నాడు ఆదివారం. చర్చి గంట వినిపించినా ఆమె చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతూ కూర్చుంది. జ్వరం వచ్చినా చర్చి మానని మనిషి.

"గంట కొట్టిండ్రు. లేవవా?"

"నేను పోను."

"ఎందుకు?"

"పోతే ఊకుంటనా? ఏదో ఒకటి అడుగుత. నేనడిగింది ఎన్నడో ఒకనాడు అయితది. నాకు భయమైతంది." తల ఎత్తలేదు. ఏరిన బియ్యాన్నే మళ్లీ ఏరుతోంది.

నేను క్రిస్మస్‌కు తప్ప చర్చి గడప తొక్కను. దేవుడితో నాకు పాత తగాదాలు చాలా ఉన్నాయి. ఆ రోజు మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని ఒక్కణ్నే పోయాను. ప్రార్థన విన్నపాలు ఉంటే చెప్పండని పాస్టరుగారు అడిగినప్పుడు లేచి నిలబడ్డాను. తలలన్నీ ఇటు తిరిగాయి.

"ఆరోగ్యం గురించేనా, పెద్దయ్యా?" అన్నారు ఆయన మెల్లగా.

"కాదు. నా భార్య చర్చికి రానంటోంది. ఆమె రావాలని."

ఆడవాళ్ల వైపు గుసగుసలు లేచాయి. కూర్చున్నాను.

ఇంటికి వచ్చేసరికి అన్నం వండి పెట్టి ఉంది.

"ఏమడిగినవ్?"

"నీ గురించి."

"నా గురించేంది? రోగం నీకా, నాకా?"

"నాది నువ్వే అడగాలె. నీ మాటైతేనే వింటడు గద."

ఆమె నన్ను తేరిపార చూసింది. "లేటుగ వింటడు," అంది.

"విననియ్యి. గప్పటిదాక ఉంట."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వొచ్చిందేమో అనుకున్నాను. కాదు.

ఇవాళ మళ్లీ శనివారం. స్కానుకు సోమవారం రమ్మన్నారు. ఈసారి గేటు దగ్గర ఆమె ఏమడిగినా ఉన్నది ఉన్నట్టు చెప్పాలని ఉంది. పొద్దున ఆమె తన తెల్లచీర ఉతికి తీగ మీద ఆరేసింది. ఓపెన్‌కాస్టు దుమ్ము పడుతుందని అస్తమానం లేచి వెళ్లి దులిపి వస్తోంది. అది రేపు చర్చికి కట్టుకోవడానికేనా అని నేను అడగలేదు.