శౌరయ్య మాస్టారి తప్పు స్వరాలు

శౌరయ్య మాస్టారు మా సంగీత కళాశాలలో పిల్లలకు స్వరాలు విని గుర్తుపట్టడం నేర్పేవారు. ఆయన గుర్తుపట్టిన స్వరం మాత్రం ఒక్కటీ సరిగ్గా ఉండేది కాదు. పంచమం వినిపిస్తే ధైవతం అనేవారు, ధైవతం వినిపిస్తే నిషాదం అనేవారు. అదీ నసుగుతూ కాదు, కోర్టులో తీర్పు చెప్పినంత ధీమాగా.

నేను ఆయన శిష్యురాలిని. ఇప్పుడు అదే కాలేజీలో వయొలిన్ చెబుతున్నాను. మూడేళ్లు ఆయన తప్పులు దిద్దీ దిద్దీ నా చెవి పదునెక్కిందని, ఒకరకంగా ఆయనకు నేనే గురువునని విజయవాడంతా చెప్పుకు తిరిగాను. ఆదివారం చర్చిలో ఆయన హార్మోనియం ముందు కూర్చుంటే ఒక్క మెట్టు తప్పేది కాదు. అది విని కూడా, వేళ్లకు అలవాటైపోయిందిలే అనుకున్నాను. నా తెలివి అలాంటిది.

ఆయన పాఠం గదిలో ఆగేది కాదు. ఫోన్‌లో తంబురా శ్రుతి పెట్టుకుని పిల్లల్ని ఊరి మీదికి తోలుకెళ్లేవారు. ఒకరోజు బస్టాండులో మైలవరం బస్సు హారన్ కొట్టింది.

“మధ్యమం!” అన్నారు మాస్టారు.

“కాదండీ, పంచమం!” అని పిల్లలు గోల పెట్టారు.

“ఏదీ, డ్రైవరు గారూ, ఇంకోసారి కొట్టండి!”

డ్రైవరు కొట్టాడు. మళ్లీ అడిగితే మళ్లీ కొట్టాడు. “ఏదైతే ఏంటండీ, మేం మైలవరం వెళ్లాలా వద్దా?” అని కిటికీలోంచి ఒకావిడ అరిచింది. “ఉండమ్మా, తేలనీ!” అని డ్రైవరు ఆవిడనే కసిరాడు. పంచమమని తేలాకే ఆ బస్సు కదిలింది.

వన్‌టౌన్‌లో బిందె కొనడానికి వెళ్లినా ఇదే వరస. వేలి కణుపుతో టంగుమని కొట్టి, చెవి ఆనించి, “రిషభం” అనేవారు.

“గాంధారం అండీ,” అని బిందెల కొట్టాయనే దిద్దేవాడు. ఈయన పుణ్యమా అని ఆయనకు ఆ మాత్రం సంగీతం వచ్చేసింది.

“నీళ్లు పట్టుకోడానికండీ, కచేరీకి కాదు!” అని మాస్టారి భార్య సంపూర్ణమ్మగారు తల పట్టుకునేవారు.

నిరుడు పెడన నుంచి నాగవేణి అని ఒక చేనేత వాళ్లమ్మాయి వచ్చి చేరింది. కాగితం మీద స్వరాలన్నీ తప్పు లేకుండా రాసేది. నోరు తెరవమంటే మాత్రం చెమటలు. మొదటి ఏడాది పరీక్ష అలాగే పోయింది. ఈసారి కూడా పోతే చదువు మానిపించి మగ్గం ఎక్కిస్తానని వాళ్ల నాన్న తేల్చి చెప్పేశాడు. మాస్టారు తప్పు చెప్పినప్పుడల్లా ఆ పిల్ల తల అడ్డంగా ఊపేది. బస్టాండులో పెదవులు కూడా కదిలాయి. అంతకుమించి ముందుకు సాగలేదు.

పరీక్ష రోజు వచ్చింది. రాజమండ్రి నుంచి ఆదిశేషయ్యగారు పరీక్షాధికారిగా వచ్చారు. ఆయన వయొలిన్ మీద పది స్వరాలు వాయిస్తారు, పిల్లలు ఒక్కొక్కటీ నోటితో చెప్పాలి. రాసిస్తే చెల్లదు. నేను పేర్లు పిలుస్తున్నాను. మాస్టారు మూల కుర్చీలో కూర్చున్నారు.

మొదటి స్వరానికి నాగవేణి మాట్లాడలేదు. రెండోసారి వాయించినా మాట్లాడలేదు. ఆదిశేషయ్యగారు సున్నా వేయడానికి పెన్ను తీశారు.

“అంతర గాంధారం!” అన్నారు మాస్టారు మూలనుంచి.

“కాదండీ మాస్టారూ! శుద్ధ మధ్యమం!” అని నాగవేణి అరిచింది.

“శౌరయ్యగారూ! పరీక్ష మీకా, ఆ పిల్లకా?” అని ఆదిశేషయ్యగారు మండిపడ్డారు.

“క్షమించండి, నోరు ఊరుకోలేదు.”

“ఆయనెప్పుడూ ఇంతేనండీ, మీరు కానివ్వండి,” అంది నాగవేణి. అన్నాక తనే ఉలిక్కిపడి నాలుక కరుచుకుంది. కానీ అప్పటికే గొంతు తెరుచుకుంది. మిగతా తొమ్మిదీ కమాను తీగ మీంచి లేవకముందే చెప్పేసింది. ఆదిశేషయ్యగారు మొదటి ప్రశ్న కొట్టేసి, తొమ్మిదికి తొమ్మిది వేశారు. పాసవడానికి నాలుగు చాలు.

అందరూ వెళ్లాక నేను టీ పట్టుకెళ్లాను. ఆదిశేషయ్యగారు ఊరికే కమాను ఆడిస్తున్నారు. మాస్టారు తల ఎత్తకుండా, “ఆ రెండో తీగ వెంట్రుకవాసి దిగింది, చూసుకోండి,” అన్నారు.

ఆదిశేషయ్యగారు శ్రుతి చూసే యంత్రం పెట్టి చూశారు. నిజంగానే దిగింది. వయొలిన్ టీచర్ని, నాకు తెలియలేదు!

నేను గుమ్మంలోనే ఆగిపోయాను. నోరు పెగలని పిల్లలు తనని దిద్దడానికైనా గొంతు విప్పాలని ఇన్నేళ్లుగా ఈయన తన పరువంతా వాళ్ల ముందు పరిచేశారన్నమాట! ఎంత ముద్దొచ్చారో, అంత కోపమూ వచ్చింది. కొత్తలో పేరడిగితే ఏడ్చిన పిల్లని నేను కూడా.

“మాస్టారూ, అయితే నా దగ్గర కూడా...?”

ఆయన గ్లాసు అందుకుని నా మొహంలోకి చూశారు.

“ఛ, ఛ! నీ దగ్గర నిజంగానే తప్పులు చెప్పానమ్మా. నువ్వు దిద్దబట్టి బతికిపోయాను.”

అది పచ్చి తప్పు. నా జీవితంలో మొదటిసారి, మాస్టారు చెప్పిన తప్పును దిద్దకుండా వదిలేశాను.