బిస్కెట్ డబ్బాలో టోంగా ఖజానా

కరెంటు రోజుకో పూట చుట్టపుచూపుగా వచ్చి పోతోంది కాబట్టి రంగూన్ పజుండౌంగు పేటలోని మా మూడో అంతస్తు వంటింట్లోకి బొగ్గుల కుంపటి మళ్ళీ వేంచేసింది. అన్నం గిన్నె అడుగు మసి గీకుతుంటే వచ్చే కమురు వాసన ముక్కుకి తగిలితే చాలు, నా నడుంనొప్పితో సహా నన్ను ఎత్తుకెళ్ళి చిన్ననాటి తింజాన్ నీళ్ళపండగలో కూలేస్తుంది.

ఆ ఎండలకి రోడ్డు మీది తారు పాకంలా సాగేది, ఒక్క వానకే పడౌక్ చెట్లు విరగబూసి పసుపు బస్తాలు ఒలకబోసుకునేవి, ఇంటింటా లోపల బెల్లంముక్క దాచిన బియ్యప్పిండి ఉండలు ఉడికేవి, పిల్లలమంతా గొన్నిన్ ఆడేవాళ్ళం. గొన్నిన్ అంటే అడవితీగకి మనిషి పొడుగు కాయల్లో (ఇది మాత్రం అబద్ధం కాదు) కాసే చపటా గింజ, గోధుమరంగుది. వరసగా నిలబెట్టిన గింజల్ని దూరం నుంచి ఇంకో గింజతో కొట్టి పడెయ్యాలి. ఓడినవాళ్ళ మొహానికి గిన్నెమసి. పక్కవాటా నీలాకి నాన్న తెలుగు, అమ్మ బర్మా. ఆ పిల్ల గురి చూస్తే గింజలు భయంతో వాటంతటవే పడిపోయేవి. సొంత గింజ మాత్రం ఒక్కటీ లేదు. ఎవరో ఒకరం ఇచ్చేవాళ్ళం.

ఓ ఏడు పండగ కాగానే నీలావాళ్ళు మౌల్మేన్ ఊరికి వెళ్ళిపోతున్నారు. ఆఖరి ఆటలో పైవీధి జట్టు మొహాలు నల్లచేసి మరీ వెళ్తానని నీలా శపథం పట్టింది. సరిగ్గా ముందురోజే ఓడల్లో పనిచేసే మా చిన్నాన్న రేవులో దిగి, జేబులోంచి ఓ నోటు తీశాడు.

"సముద్రం మద్దెన టోంగా దీవుల డబ్బురా ఇది, పాంగా అంటారు. ఏటనుకున్నారు, ఈ గింజ పేరే అది! ఆ దీవుల రాజులు దీంతో ఆడేవోరంట. ఇప్పుడా పేరు సెప్తే బియ్యమొస్తాది, సేపలొస్తాయి!"

తెల్లారేసరికి వీధిలో ప్రతి వెధవా బ్యాంకరైపోయాడు. మా గింజల బిస్కెట్ డబ్బా పరుపు కిందకి చేరింది. పైవీధివాళ్ళు గింజల్ని లుంగీ ముళ్ళలో బిగించుకుని వచ్చి, పొట్టలు పట్టుకు నిలబడ్డారు.

"ఒక్క గింజ ఇయ్యండ్రా," అంది నీలా.

"డబ్బులెవులైనా ఊరకే ఇస్తారేటి?" అంది మా అప్ప, మా అందరికీ పెద్దక్క.

నీలా ఖాళీ చెయ్యి చాపుకునే నిలబడింది. నానమ్మ సంగతంతా విని, డబ్బా లాగి, ఓ గింజ చిన్నాన్న చేతిలో పెట్టింది. "ఒరే సముద్రాల రాజా, దీనికి కొట్లో ఓ సబ్బు తే, సూద్దాం."

కొట్టువాడు దాంతో వీపు గోక్కుని తిరిగిచ్చాడు.

"సూసారా? ఇక్కడ సబ్బు కూడా రాదు. ఆడి సావండి!" అని నానమ్మ డబ్బా వీధిలో బోర్లించేసింది. పైవీధివాళ్ళూ లుంగీ ముళ్ళు విప్పి గింజలు నిలబెట్టారు.

నీలా మోకాలి మీంచి కొట్టిన దెబ్బకి పైవీధి గింజలన్నీ సాష్టాంగపడ్డాయి. వాళ్ళతో పాటు చిన్నాన్న మొహానికీ మసి పడింది. మర్నాడు నీలా లారీ ఎక్కబోతూ, పుచ్చుకున్న గింజని పైటకి తుడిచి మా అప్ప చేతిలో పెట్టేసింది.

టోంగాలో ఆ పేరు చెప్తే ఇప్పటికీ బియ్యం వస్తుంటాయి. మా రంగూన్లో నోట్ల కట్ట పట్టుకెళ్ళినా పొద్దున్న వచ్చినంత సబ్బు సాయంత్రం రావడం లేదు. గొన్నిన్ గింజల కోసం పబేడాన్ బజారంతా కాళ్ళీడ్చాను, దొరకలేదు. దొరికినా ఎవరికివ్వను? వీధిలో మిగిలినదే నలుగురు పిల్లలు. వాళ్ళనీ సైనికులు పట్టుకుపోతారన్న భయంతో ఎండ తగ్గకముందే అమ్మలు లోపలికి లాక్కుని తలుపులేసుకుంటున్నారు.