సైరన్ మోగిన పాట

ఫోనులో నా పేరు కొట్టి వెతికితే ఒక్కచోటా కనబడలేదు. ఏడో తరగతి ఫలితాలు బడి గోడకి అంటించిన రోజు తరవాత, అంత శ్రద్ధగా నా పేరు వెతుక్కుని అంత ఖాళీగా వెనక్కి తిరిగింది మళ్ళీ మొన్ననే. అప్పుడైతే కనీసం తప్పు నాదేనని తెలుసు.

మొన్న అంటే, భిలాయి తెలుగు ఇళ్ళల్లో ఆడవాళ్ళు పాడుకున్న పాటలన్నిటినీ ఇంటర్నెట్టులో పెట్టి, ఎవరు కావాలన్నా వినొచ్చని మా అక్క కొడుకు నాకు లింకు పంపిన రోజు. ఆ పాటల్లో ముప్పాతికమువ్వీసం నా క్యాసెట్ల లోంచి వెళ్ళినవే.

బడి నన్ను వదిలించుకున్నాక నేను భిలాయి క్యాంప్ 2 బస్తీలో ఒక రేడియో రిపేరు కొట్టులో చేరి, నాలుగేళ్ళకి సొంతంగా ఒక టేపురికార్డరూ మైకూ సంపాదించి, పెళ్ళిళ్ళకీ సీమంతాలకీ బారసాలలకీ వాటిని సైకిలుకి కట్టుకుని తిరిగేవాణ్ణి. ఆ రోజులెరిగిన మీకు నేను చెప్పాలా, శ్రీకాకుళం నుంచీ విజయనగరం నుంచీ ఉక్కు ప్లాంటు పనికొచ్చిన మనవాళ్ళ క్వార్టర్లలో పెళ్ళంటే బ్యాండుమేళం ఒక్క పూటే గానీ ఆడవాళ్ళ పాటలు మూడు రోజులూ ఆగేవి కావు. నేను వాటిని పట్టి ఉంచేవాణ్ణి, కావలసినవాళ్ళకి నకలు తీసి ఇచ్చేవాణ్ణి.

చిక్కంతా అడగడంలో ఉండేది. పాట పేరు చెప్పి అడిగినవాళ్ళని నా జన్మలో చూడలేదు. పాడుతుంటే పాలు పొంగిపోయిన జోలపాట కావాలని ఒకరొస్తే, పెద్దమ్మ పళ్ళసెట్టు జారిన మంగళహారతి కావాలని ఇంకొకరొచ్చేవారు. అందుకని నేను క్యాసెట్ల అట్టల మీద పేరూ ఊరూ ఏమీ రాయకుండా, జనం ఏ ముక్క చెప్పి అడుగుతారో ఆ ముక్కే రాసేవాణ్ణి, పక్కన నాలుగు మాటలు నా వెటకారం కూడా కలిపి. రెండు ట్రంకుపెట్టెల క్యాసెట్లలో ఎవరేది అడిగినా, వాళ్ళు టీ తాగేలోపు తీసిచ్చేవాణ్ణి.

వాటన్నిటిలోకీ గిరాకీ ఉన్నది మరోదా వదిన పెళ్ళి క్యాసెట్టు. వదిన మాకు చుట్టం కాదు, మా ఇంటి వెనక క్వార్టర్లో పెరిగి భిలాయిలోనే మరోదా బస్తీకి కాపురానికెళ్ళిన మనిషి. ఆవిడ అప్పగింతలప్పుడు వాళ్ళమ్మ పాట ఎత్తుకుంది. సరిగ్గా పిల్లని చేతిలో పెట్టే చరణం దగ్గర ప్లాంటు రెండో షిఫ్టు సైరన్ మోగింది. పాడుతున్న ఆడవాళ్ళందరూ ఆగిపోయారు, వదిన వాళ్ళమ్మ ఒక్కర్తే ఆగలేదు, సైరన్ కంటే పైకి ఎత్తి పాడింది, అది ఆగిపోయాక కూడా పాడింది. నేను అట్ట మీద ‘సైరన్‌ని ఓడించిన ముసలమ్మ’ అని రాశాను. ఆ తరవాత క్యాంప్‌లో ఎవరి ఆడపిల్లని అత్తారింటికి పంపుతున్నా సైరన్ పాట కావాలని నా దగ్గరకొచ్చేవారు.

మా అక్క కొడుకు కంప్యూటరు చదువుకున్నవాడు. ఒక సంఘంవాళ్ళు ఈ పాటలు ఇంటర్నెట్టులో పెట్టే పని అప్పజెబితే నా దగ్గరకొచ్చి, వేసవంతా నా ఎదర కూచుని, ఏ క్యాసెట్టుని ఎవరు ఏమని అడిగేవారో చెప్పించుకున్నాడు. అట్ట మీద రాత చాలా ముఖ్యం, దాన్ని మెటాడేటా అంటారు మామయ్యా అన్నాడు. అన్నేళ్ళుగా పేరు తెలియకుండానే అంత గొప్ప పని చేశానా అని నేను ఛాతీ విరుచుకుని, జనం ఎలా అడుగుతారో దానికొక గడి పెట్టరా అని ఒట్టు వేయించుకుని, ట్రంకుపెట్టెలు రెండూ ఆటో ఎక్కించాను.

లింకు వచ్చిన రోజునే వదినా వచ్చింది. వచ్చే నెల మనవరాలి పెళ్ళి, అప్పగింతలకి వాళ్ళమ్మ గొంతు వినిపించాలి. ఆవిడ దగ్గరున్న నకలు అరిగి తెగిపోయి ఎన్నాళ్ళో అయింది. ఇద్దరం వెతికాం. సైరన్ అని కొట్టాం, ముసలమ్మ అని కొట్టాం. పాట పేరు, పాడినవారు, భాష, నిడివి అని నాలుగు గడులున్నాయి గానీ నేను చెప్పిన గడి లేదు. మా అక్క కొడుక్కి ఫోను చేశాను.

“సంఘంవాళ్ళ ఫార్మాట్‌లో జగా లేదు మామయ్యా. అయినా నువ్వు రాసినవి పేర్లా, మజాకులు కదా! పాడినవాళ్ళ పేరుంటే వెనక సైరన్ లాంటి మోత ఉన్నా ఉంచేం. పేరూ లేక మోతా ఉన్నవి తీసేశాం.”

“క్యాసెట్లేవిరా?”

“కబాడీకి ఇచ్చేశాం. ఇంట్లో ఎక్కడ పెడతాం చెప్పు?”

వేసవంతా నా చేత చెప్పించుకున్నవాడు, నా చేతి మజ్జిగ తాగినవాడు, ఒక్క మాట అడగకుండా నా రెండు పెట్టెలనీ పాత ఇనుముతో కలిపి తూకానికి వేసేశాడు! నా జీవితంలో నేను అందరినీ ఆటపట్టించాను, నన్ను ఇంత నిమ్మళంగా ఆటపట్టించినవాడు వీడొక్కడే.

పెళ్ళిళ్ళల్లో ఇప్పుడు పాడేవాళ్ళు లేరు, డీజేకి ఏ సైరనూ వినబడదు. అడిగే జనమూ తగ్గారు, ఎలా అడుగుతారో ఎరిగినవాడు గుమ్మంలో ఖాళీగా కూచున్నాడు. ఈ సోదంతా ఆ పూట వదిన దగ్గరే వెళ్ళబోసుకున్నాను, అంత పని చేస్తే నా పేరైనా వెయ్యలేదు చూడు వదినా, సొంత మేనల్లుడై ఉండి, అని. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని లేచింది.

“నీ పేరు ఎయ్యనేదని నువ్వు ఏడుస్తన్నావు. మా అమ్మ పేరేటో నువ్వు అప్పుడు అడిగేవేటి మరిదీ? పోనీ, ఇప్పుడడిగేవేటి?”